ముప్పయ్యో పన్ను

మా తమ్ముడి కూతురికి ఇంట్లో మేం పెట్టుకున్న పేరు సుద్దముక్క. అసలు పేరు వేరే ఉంది, అది బడి రిజిస్టర్లలో భద్రంగానే ఉంది. కొత్తమనిషి ఎవరైనా పలకరిస్తే చాలు, మొహంలో రక్తం ఎటు పోతుందో పోయి తెల్లగా పాలిపోతుంది కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. నాకు కాస్త నోటిదురుసు ఉన్న మాట నిజం. విద్యుత్తు కార్యాలయంలో ఫిర్యాదుల కిటికీ వెనక పద్దెనిమిదేళ్లుగా కూర్చుంటున్నాను. ఆ అద్దంలో చేయి పట్టేంత రంధ్రం ఒకటి ఉంటుంది. కరెంటు పోయిన ప్రతివాడూ అందులో మూతి పెట్టి నా మీద అరుస్తాడు. అక్కడ కూర్చున్న మనిషికి నోరు పదునెక్కకపోతే పిచ్చెక్కుతుంది.

సుద్దముక్కకి పన్నెండేళ్లప్పుడు బూట్ల దుకాణంలో అమ్మేవాడు "సరిపోయాయా పాపా?" అని అడిగితే తలూపింది. సరిపోలేదు. ఆ ముక్క వాడితో అనలేక ఏడాది పొడుగునా ఒక సైజు తక్కువ బూట్లలో కుంటింది. ఎవరికైనా ఫోన్ చేయాల్సి వస్తే "హలో" దగ్గర్నుంచి అంతా కాగితం మీద రాసుకునేది. తన కాగితంలో అవతలివాళ్లు "ఎవరూ?" అంటారని ఉంటుంది. వాళ్లు ఖర్మకాలి "చెప్పండి" అన్నారంటే ఇక ఏం చెప్పాలో తోచక పెట్టేసేది.

అయితే ఆ చేతులున్నాయే, వాటికి మాత్రం బెదురు తెలీదు. మా తమ్ముడిది కళ్లజోళ్ల దుకాణం. ముందు గదిలో వాడు కబుర్లు చెబుతూ ఫ్రేములు అమ్ముతాడు. వెనక గదిలో తెర చాటున, టేబుల్ లైటు కింద కూర్చుని ఈ పిల్ల ఆవగింజలో సగం ఉండే స్క్రూలు బిగిస్తుంది, వంకరపోయిన కమ్మీలు సరిచేస్తుంది. వేలు వణకదు, ఊపిరి తప్పదు. జోళ్ల సొంతదారు తెర పక్కకి జరిపి "అయిందా అమ్మా?" అన్నాడో, స్క్రూ నేలపాలు.

దంతవైద్య కళాశాలలో సీటు వచ్చిన రోజున మేమంతా గాల్లో తేలాం. ఆ వేళ్లకి ఇంతకన్నా తగిన చదువు లేదన్నాడు మా తమ్ముడు. మా మరదలు నాలుగు వీధులకి వినిపించేలా ఫోన్లు చేసింది. పళ్లు నోట్లో ఉంటాయని, ఆ నోటికి వెనకాల ఒక మనిషి ఉంటాడని, ఆ మనిషి ప్రశ్నలు వేస్తాడని మాలో ఒక్కరికైనా తట్టలేదు. సుద్దముక్కకి తట్టింది. ఆ రోజు నుంచి ఆ పిల్లకి తిండి సయించలేదు.

ఇంట్లో ఒకరు భయపడుతుంటే మిగతావాళ్లకి ఎక్కడలేని ధైర్యం పుట్టుకొస్తుంది. మా మరదలు బడి ఆఫీసులో గుమాస్తా. ఏదో వీడియో చూసి, నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చాలి, ఏడు లెక్కపెట్టేదాకా బిగబట్టాలి, ఎనిమిదికి వదలాలి అని కూతురిని కూర్చోబెట్టింది. లెక్క ఎక్కడ తప్పుతుందోనన్న కంగారులో ఆ పిల్లకి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. మా తమ్ముడు, నోళ్లు అలవాటు కావాలి, అంతేగా అని, ఫ్రేము పెట్టి చూసుకుంటున్నవాళ్లందరితో "అలాగే నోరు కూడా ఓసారి తెరవండి, మా అమ్మాయి చూస్తుంది" అనడం మొదలుపెట్టాడు. ఒకాయన మొహాన ఉన్న ఫ్రేముతోనే వెళ్లిపోయాడు, మళ్లీ కనిపించలేదు.

మా మరదలి అన్న డ్రైవింగ్ స్కూల్ నడుపుతాడు. తన కాళ్ల కింద కూడా ఒక బ్రేకు పెట్టుకుని ఎదుటివాళ్ల భయాల మీద బతికే మనిషి. ఆయన వచ్చి పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"చూడమ్మా, భయమేసినప్పుడు పక్కలకి చూడకూడదు. ఎదురుగా చూడాలి. రోడ్డు మీదైనా అంతే, జీవితంలోనైనా అంతే."

"నోట్లో ఎదురంటే ఏది మామయ్యా?" అంది సుద్దముక్క, వెక్కిరింత ఏమీ లేకుండానే.

ఆయన మంచినీళ్లు అడిగాడు.

నేను ఏం తక్కువ తిన్నాను? "భయమేమిటే దండగమారి భయం! పళ్ల డాక్టరు పులా, సింహమా? నన్ను చూసి నేర్చుకో" అన్నాను. చేతులు తిప్పుతూ మరీ అన్నాను.

కళాశాల తెరవడానికి మూడు వారాలుందనగా ఒక సర్క్యులర్ వచ్చింది. విద్యార్థులు తెచ్చుకోవాల్సిన వస్తువుల జాబితా. తెల్ల కోట్లు రెండు, మైనం దిమ్మలు, చెక్కడానికి కత్తి, బ్రష్షులు. తొమ్మిదో అంశం దగ్గర మా మరదలు ఆగి, కళ్లు తుడుచుకుని, మళ్లీ చదివింది. "మనుషుల అసలు దంతాలు ముప్పై. చిగుళ్లలో ఉండే వేళ్లతో సహా ఉండాలి. విరిగినవి, పుచ్చినవి, సిమెంటు నింపినవి చెల్లవు. మూత బిగించిన సీసాలో తేవాలి. విద్యార్థి స్వయంగా సేకరించుకోవాలి."

మైనంలో పళ్లు చెక్కడం నేర్చుకునేటప్పుడు ఎదురుగా పెట్టుకుని చూడటానికట. ఎందుకైతేనేం, ముప్పై పళ్లు బజారులో దొరికేవి కావు.

ఆ సాయంత్రం నేను మెట్ల మీద కూర్చుని ఉంటే సుద్దముక్క వచ్చి పక్కన కూలబడింది.

"అత్తా, ముప్పై దొరక్కపోతే ఏమవుతుంది?"

"ఏమవుతుంది, చేర్చుకోరేమో. తెరిచే సోమవారం మధ్యాహ్నం పన్నెండులోగా అన్నీ పట్టుకొచ్చి చేరకపోతే సీటు వెనకున్నవాళ్లకి పోతుందని కింద రాశారుగా."

"దొరక్కపోతే అది నా తప్పు కాదు కదా?"

అన్నిరోజుల తర్వాత ఆ మొహంలోకి రక్తం రావడం చూశాను. విషయం నాకు అర్థమైపోయింది. భయమేసి మానేసిందని అనిపించుకోనక్కర్లేదు. పళ్లు దొరకలేదు, అంతే. ఎవరేం అనగలరు? "ఎవరికీ చెప్పకు అత్తా" అంది. చెప్పనన్నాను. చెప్పాల్సింది. కానీ ఆ కళ్లలో కనిపించిన తెరిపి చూసి నోరు రాలేదు.

ఇక మావాళ్లు నడుం బిగించారు. మా మరదలు బడిలో ఒకటో తరగతి పిల్లల దగ్గర పోగుచేసి డబ్బాడు పాలపళ్లు తెచ్చింది. వాటికి వేళ్లుండవు. కూతురి పాలపళ్లు కూడా బీరువాలోంచి తీసి వాటిలో కలిపింది, వాటికి మాత్రం వేళ్లు మొలిచి ఉంటాయన్నట్టు. డ్రైవింగ్ స్కూల్ మామయ్య పదేళ్ల కిందట తీయించుకున్న జ్ఞానదంతాలు రెండు పౌడరు డబ్బాలో దాచుకున్నాడట. అందరినీ నిలబెట్టి, ఉపన్యాసం ఇచ్చి, అవి అప్పగించాడు. ఒకదాంట్లో సిమెంటు ఉంది. రెండోది చెల్లింది. జెరాక్స్ షాపు ఆవిడ తనవి రెండు ఇచ్చి, మా పిల్ల డాక్టరయ్యాక తనకి కొత్తవి ఉచితంగా పెట్టాలని మాట తీసుకుంది.

కింది వాటా రిటైర్డ్ హెడ్మాస్టరు గారి సంగతి మరీ బాగుంది. ఆయన ఒక గిన్నె మీద గుడ్డ కప్పి తెచ్చి బల్ల మీద పెట్టారు. గుడ్డ తీస్తే కట్టుడు పళ్ల జత, పాతది.

"పై వరస, కింది వరస పూర్తిగా ఉన్నాయమ్మా. మీకు కావలసినవి ముప్పయ్యేగా? పైన రెండు ఎక్కువే ఉంటాయి, పరవాలేదు ఉంచుకోండి."

పై వరస ఎవరిదో తెలియని నవ్వుతో మా అందరి వైపూ చూస్తోంది. ఇవి చెల్లవని పెద్దాయనకి చెప్పడానికి మా తమ్ముడికి తల ప్రాణం తోకకొచ్చింది.

రెండో వారానికి చేతికొచ్చినవి మూడు. సుద్దముక్క హాయిగా అన్నం తింటోంది. అప్పుడు మా తమ్ముడికి బుద్ధి పుట్టింది. "పళ్లు ఉండేది పళ్ల డాక్టర్ల దగ్గర కదా! వెళ్లి అడిగితే పోలా? ఊళ్లో ఇన్ని ఆస్పత్రులున్నాయి. స్వయంగా సేకరించుకోవాలని కూడా రాశారు. నువ్వే వెళ్లమ్మా."

సుద్దముక్క మొహం గోడకి కొట్టిన సున్నంలా అయింది. అయినా వెళ్లింది. వెళ్లనని చెప్పాలంటే దానికీ నోరు పెగలాలి కదా. కాగితం మీద మాటలు రాసుకుంది. "నమస్కారమండీ. నేను దంతవైద్యంలో చేరబోతున్నాను. మీ దగ్గర తీసేసిన పళ్లుంటే దయచేసి ఇప్పించగలరా?" పది సార్లు చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుంది.

మొదటి ఆస్పత్రిలో బల్ల వెనక అమ్మాయి తలెత్తి "నొప్పి ఎక్కడ?" అంది. కాగితంలో ఆ ప్రశ్న లేదు. సుద్దముక్క నోరు తెరిచి, మూసి, చేత్తో దవడ వైపు చూపించింది. కూర్చోమన్నారు, కూర్చుంది. లోపలికి పిలిచారు, వెళ్లింది. కుర్చీలో పడుకోమన్నారు, పడుకుంది. డాక్టరు అద్దం పెట్టి చూసి, నొప్పికి కారణం ఏమీ కనపడక, పళ్ల మీది గార తీసి పంపేశాడు. ఇంటికొచ్చి "ఇవ్వనన్నారు" అంది.

రెండో చోటా అదే ప్రశ్న. అదే దవడ. మళ్లీ గార తీశారు. మూడో చోట డాక్టరమ్మ చాలాసేపు వెతికి, "ఇంత శుభ్రమైన నోరు నేను చూడలేదమ్మా. అయినా వచ్చావు కాబట్టి..." అని ఇంకోసారి తీసింది. వారం తిరిగేసరికి ఆ పిల్ల నవ్వితే వెనక గదిలో లైటు అక్కర్లేకుండా ఉంది. మా మరదలు "చూశారా వదినా, కళాశాల ఊసుకే దానికి ఎంత కళ వచ్చిందో" అని మురిసిపోయింది.

నాలుగో ఆస్పత్రి పాత బస్టాండు వెనక సందులో, మెట్లెక్కి వెళ్లాలి. డాక్టరు ముసలాయన, చేయి మంచిది, మాట పొదుపు. నోట్లో గొట్టం పెట్టి, అద్దం తిప్పి, మళ్లీ మొదట్నుంచీ ఓసారి చూశాడట.

"అమ్మాయీ, నీ పళ్లు ఎవరో ఈమధ్యే మూడుసార్లు తోమారు. నొప్పీ లేదు, పాడూ లేదు. అసలెందుకొచ్చావు?"

నోట్లో గొట్టం ఉంది. ఇక మాట్లాడే బాధ లేదు. సుద్దముక్క పడుకునే జేబులోంచి కాగితం తీసి ఆయనకి ఇచ్చింది. ఆయన చదివి, కళ్లజోడు తీసి, కడుపు పట్టుకుని నవ్వాడట. తర్వాత లోపలి అలమరలోంచి పెద్ద సీసా తెచ్చి చేతిలో పెట్టాడు. ఏళ్లతరబడి పీకినవి, మందునీళ్లలో ఉన్నాయి.

మా ఇంట్లో పండగే పండగ. బల్ల మీద గుడ్డ పరిచి, సీసా బోర్లించి, పట్టుకారుతో ఏరాం. ఏరింది సుద్దముక్కే. మేం ముక్కులు మూసుకుని పక్కకి చూస్తుంటే, అది మాత్రం ఒక్కోదాన్ని లైటు కింద తిప్పి, వేళ్లు లెక్కపెట్టి, "ఇది పైవరసది, ఎడమ. ఇది కిందిది. దీని కొస విరిగింది" అంటూ కుప్పలు పెట్టింది. పనికొచ్చేవి ఇరవై ఆరు తేలాయి. ముందున్న మూడింటితో ఇరవై తొమ్మిది.

ఒక్కటి తక్కువ. తెరవడానికి ఇంకా ఆరు రోజులుంది.

ఆ ఒక్క పన్ను కోసం మా తమ్ముడూ మరదలూ కనపడిన ప్రతివాడి మూతి వైపూ చూడటం మొదలుపెట్టారు. పాలబ్బాయి నవ్వడం మానేశాడు. తన ముందు పన్ను కాస్త కదులుతోందని మామయ్య ఎందుకు నోరు జారాడో గాని, మర్నాటి నుంచి మా ఇంటి వైపే రాలేదు. సుద్దముక్క మాత్రం సీసా మూత గట్టిగా బిగించింది. నా వైపు ఓసారి చూసి తల దించుకుంది. ఇరవై తొమ్మిదిని అది పదిలంగా కాపాడుకుంటోందని నాకొక్కదానికే తెలుసు.

ఇక్కడ నా బండారం బయటపెట్టక తప్పదు. నా పై దవడలో ఎడమవైపు పన్ను మూడేళ్లుగా కదులుతోంది. పన్నుకేం కాలేదు, రాయిలా ఉంది. చిగురే దాన్ని వదిలేసింది. వాచినప్పుడల్లా లవంగం పెట్టుకుంటాను, మాత్ర మింగుతాను, తగ్గగానే మరిచిపోయినట్టు నటిస్తాను. మూడేళ్లుగా కుడివైపే నములుతున్నాను. పళ్ల డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్లలేదంటారా? భయం. ఊరందరి అరుపులూ మింగేసే నాకు, ఆ కుర్చీ తలుచుకుంటే ఎటైనా పారిపోవాలనిపిస్తుంది. ఒకసారి ఆస్పత్రి గుమ్మం దాకా వెళ్లి, పక్కనున్న దుకాణంలో బకెట్ కొనుక్కుని తిరిగొచ్చాను. మా ఇంట్లో బకెట్లు అప్పటికే మూడున్నాయి.

శుక్రవారం పొద్దున్నకి చెంప ఉబ్బింది. చున్నీ తలమీదుగా చుట్టుకుని, జలుబని చెప్పి, ఆఫీసుకి బయల్దేరుతూ దుకాణంలో మా తమ్ముడికి తాళం ఇవ్వడానికి ఆగాను. వాడు లేడు. తెర వెనక నుంచి సుద్దముక్క పిలిచింది.

"అత్తా, ఇలా రా. కూర్చో. చున్నీ తియ్యి."

"జలుబే..."

"నోరు తెరువు."

పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల నాతో అలా మాట్లాడటం అదే మొదటిసారి. ఆశ్చర్యపోయి తెరిచాను. స్క్రూలు చూసే లైటు వంచి నా నోట్లోకి పట్టింది. నా పన్ను చూసింది, ముట్టుకోలేదు.

"చీము పట్టింది. నువ్వు ఎడమవైపు నమలడం మానేసి మూడేళ్లయింది అత్తా."

"నీకెలా తెలుసే?"

"రోజూ నీ ఎదురుగానే కదా తింటాను. నువ్వు భయపడుతున్నావని ఎవరికీ చెప్పలేదు."

నాకు సిగ్గేసింది. నేను దాని గుట్టు మూడు వారాలు మోసి ఏదో ఘనకార్యం చేసినట్టు అనుకుంటున్నాను. అది నా గుట్టు మూడేళ్లు మోసింది. సిగ్గేస్తే మంచి బుద్ధి పుట్టాలి. నాకు పుట్టలేదు. కుర్చీ తప్పించుకోవాలన్న ఆరాటంలో, నా వయసు మనిషి అనకూడని మాట అనేశాను.

"ఆలోచించుకోవే. ఇది పీకితే నీకు ముప్పై అవుతాయి."

సుద్దముక్క చేయి ఆగింది. ఉన్న కాస్త రంగూ పోయింది. చేతిలో ఉన్న జోడు బల్ల మీద పెట్టి, మళ్లీ తీసుకుని, సగం బిగించిన స్క్రూని పూర్తిగా బిగించింది. కమ్మీ తెరిచి మూసి చూసింది. ఆ జోడు మడిచి పెట్టెలో పెట్టేదాకా నా వైపు చూడలేదు. నేను గెలిచాననే అనుకున్నాను.

"చెప్పులేసుకో అత్తా," అంది.

పాత బస్టాండు వెనక సందులో మెట్లు పదిహేడు. నాకెలా తెలుసంటే ప్రతి మెట్టు మీదా ఆగాను. పైన బల్ల వెనక కుర్రాడు "నొప్పి ఎక్కడ?" అన్నాడు. నేను వెనక్కి తిరిగి మెట్ల వైపు చూశాను. సుద్దముక్క ముందుకొచ్చి, "మా అత్తకి. పైన ఎడమ, చివరి నుంచి రెండోది. కదులుతోంది, చీముంది. ఇప్పుడే చూడాలి" అంది. కాగితం లేదు. దాని గొంతులో వణుకు ఉంది. వణుకుతూనే అంది.

ముసలి డాక్టరు దాన్ని గుర్తుపట్టి, "మళ్లీ గారా?" అన్నాడు. నన్ను చూపించగానే పనిలో పడ్డాడు. ఎక్స్‌రే తీసి చూసి, "ఇది నిలవదు. తీసెయ్యాలి" అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆయన వెనక్కి తిరిగి పనిముట్లు సర్దుతుంటే ఆ చప్పుడుకే నా పై ప్రాణాలు పైనే పోయాయి. కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాను.

సుద్దముక్క వచ్చి నా తల దగ్గర నిలబడింది. నాలుగు కుర్చీల్లో పడుకున్న పిల్ల. తర్వాత ఏం జరుగుతుందో చెప్పకపోతే ఎలా ఉంటుందో దానికి బాగా తెలుసు.

"అత్తా, ఇప్పుడు సూది. చీమ కుట్టినట్టుంటుందని చెప్పను, అబద్ధం. నొప్పిగానే ఉంటుంది. పది అంకెలు. నేను లెక్కపెడతాను."

పెట్టింది. ఏడు దగ్గర తగ్గింది.

"ఇప్పుడు పెదవి లావైపోయినట్టుంటుంది. అవదు. ఇప్పుడు డాక్టరుగారు నొక్కుతారు. నొప్పుండదు, బరువుంటుంది. లోపల చప్పుడు వస్తుంది, తల పగిలినట్టు వినిపిస్తుంది. పగలదు. ఆపాలనిపిస్తే చెయ్యెత్తు."

ఎత్తాను. డాక్టరు చూడలేదు, పట్టుకారు బిగించేశాడు.

"ఆగండి," అంది సుద్దముక్క.

ఆయన తలెత్తాడు.

"అత్త చెయ్యెత్తింది. ఒక్క నిమిషం ఆగండి."

నలభై ఏళ్లుగా నోళ్లలో చెయ్యి పెడుతున్న మనిషి. ఆ పిల్ల వైపు చూశాడు, నా చేతి వైపు చూశాడు, పట్టుకారు వెనక్కి తీశాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. నాలుగూ ఏడూ ఎనిమిదీ ఏమీ లేదు, ఎలా వస్తే అలా. తర్వాత నేనే చెయ్యి దించాను. పన్ను వచ్చేసింది. నిజం చెప్పాలంటే, మూడేళ్లు మోసిన దానికి అది వెళ్లిపోవడానికి పట్టిన కాస్త సమయం చూస్తే అవమానంగా అనిపించింది.

డాక్టరు దాన్ని చిన్న పళ్లెంలో వేసి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లాడు. గదిలో మేమిద్దరమే. నా నోట్లో దూది, పళ్లెంలో పన్ను. మూడు వేళ్లూ చెక్కుచెదరకుండా ఉంది. నేను పొద్దున అన్న మాట గుర్తొచ్చింది. దాని చేయి పట్టుకుని, దూది మధ్యలోంచి వచ్చినంత మాట అన్నాను.

"అది నాది. నేను పారేసుకున్నానని చెబుతాను. కాలవలో పడేస్తాను. ఎవరికీ తెలీదు. నీకు ఇష్టం లేకపోతే వెళ్లకు తల్లీ. భయమేసిందని చెప్పినా పరవాలేదు. ఎవరేమన్నా నేనున్నాను, నా నోటి సంగతి తెలుసుగా."

సుద్దముక్క పళ్లెం తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లింది. పన్ను మీద రక్తం కడిగింది. కిటికీ వెలుతురులో పట్టుకుని చుట్టూ తిప్పి చూసింది.

"భయంగానే ఉంది అత్తా," అంది. "ఇందాక కూడా భయమే. కానీ నువ్వు చెయ్యెత్తినప్పుడు ఇంకెవరూ చూడలేదు."

పన్నుని రుమాలులో చుట్టి జేబులో పెట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. మత్తు వల్ల మూతి ఒక పక్కనే ఏడ్చింది, రెండో పక్క ఏమీ పట్టనట్టు ఊరుకుంది. డాక్టరు తిరిగొచ్చి నొప్పేమో అనుకుని ఇంకో రెండు మాత్రలు రాశాడు.

సోమవారం పొద్దున మా ఇల్లు ఇల్లంతా కదిలింది. సీసా మా తమ్ముడి ఒళ్లో, వాడి పక్కన మరదలు, ముందు సీట్లో మామయ్య, తన పన్ను భద్రమని తెలిశాక తిరిగొచ్చి కారు నడుపుతూ. కళాశాల ఆఫీసులో పెద్ద బల్ల, దాని వెనక గుమాస్తా. నాలాంటివాడే. మొహం చూస్తే తెలిసిపోయింది, వినీ వినీ చెవులు మొద్దుబారిన మొహం. కాగితాలు చూశాడు, ముద్ర వేశాడు, సంతకం పెట్టమన్నాడు. సుద్దముక్క పెట్టింది. అప్పుడు మా తమ్ముడు సీసా తీసి బల్ల మీద పెట్టి, రొమ్ము విరుచుకుని, "ముప్పై. లెక్క చూసుకోండి" అన్నాడు.

గుమాస్తా సీసా వైపు కన్నెత్తి చూడలేదు. "అవి ఇప్పుడెందుకండీ? మూడో నెలలో కావాలి. అప్పుడు కూడా ఎవరూ లెక్కపెట్టరు. సగం మంది పదికి మించి తేరు. ఆ కాగితం పాతది, ఏటేటా అదే పంపిస్తాం."

మా తమ్ముడి రొమ్ము మెల్లగా యథాస్థానానికి వచ్చింది. మా మరదలు, కింది వాటా హెడ్మాస్టరు గారికి ఈ సంగతి తెలియకూడదని ఒట్టు వేయించుకుంది. నేను సుద్దముక్క వైపు చూశాను. ఇరవై తొమ్మిదితో ఇంట్లో కూర్చుని ఉంటే, సీటు పోయేది చేరనందుకే, ముప్పై లేనందుకు కాదు. ఆ సంగతి తనకీ తెలిసింది. నా వంక చూసి చిన్నగా నవ్వింది. మూడుసార్లు తోమిన నవ్వు.

"ఇంకేమైనా అడగాలా?" అన్నాడు గుమాస్తా, వాకిలి వైపు చూస్తూ, అడగరనే ధైర్యంతో.

"అడగాలి," అంది సుద్దముక్క.

మేమంతా దాని వైపు తిరిగాం. మొహం తెల్లగానే ఉంది.

"ఇక్కడ మనుషుల్ని చూడటం ఎప్పట్నుంచి మొదలుపెడతాం?"

"రోగులనా? మూడో ఏడు నుంచి. అప్పటిదాకా మైనమూ, ఈ సీసాలూ. కంగారేం లేదు."

అమ్మయ్య అనుకుంటుందని చూశాను.

"అన్నాళ్లా?" అంది.